గుమ్మంలో కొరివిదెయ్యం: మా ఇంటి హాలోవీన్

మేము అమెరికాలోని న్యూజెర్సీకి వచ్చిన తొలి ఏడాది, 2014 అక్టోబరు 31న, చీకటి పడే వేళకు మా తలుపు గంట మోగింది. తీసి చూస్తే ఒక తేనెటీగ, ఒక ఫైర్‌మన్, ఆ ఇద్దరి వెనకాల ముఖానికి తెల్లరంగు పులుముకున్న ఒక అస్థిపంజరం సంచులు చాపి నిలబడి ఉన్నారు. పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడిగే హాలోవీన్ అనే పండుగ ఒకటి ఉందని తెలుసు గానీ, అది మా గుమ్మం దాకా నడిచి వస్తుందని మాకు తెలియదు. ఇంట్లో ఒక్క చాక్లెట్టు కూడా లేదు. పసిపిల్లలు చేయి చాపితే వట్టి చేతులతో పంపడానికి మనసొప్పక, రాజమండ్రి నుంచి అమ్మ పంపిన సున్నుండలను కాగితపు రుమాళ్లలో చుట్టి తలా ఒకటి వేశాను. పిల్లలు మర్యాదగా థాంక్యూ చెప్పి వెళ్లారు. కాలిబాట మీద నిలబడ్డ వాళ్ల తల్లి నవ్వుతూ చేయి ఊపింది. ఆ సున్నుండలు ఆ పిల్లల నోటి దాకా వెళ్లి ఉండవన్న సంగతి నాకు మరుసటి రోజు ఆఫీసులో ఒక సహోద్యోగిని చెప్తే తెలిసింది.

ఈ దేశంలో హాలోవీన్ నాడు తెలియని ఇంటివాళ్లు ఇచ్చిన ఇంటి వంటను పిల్లల చేత తినిపించరు. ఫ్యాక్టరీలో సీలు వేసి వచ్చినదైతేనే సంచిలో ఉండనిస్తారు. మిఠాయిలో విషం కలుపుతారన్న భయం దశాబ్దాలుగా ఇక్కడి తల్లిదండ్రులను వదలకపోవడమే ఇందుకు కారణం. డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సామాజికశాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి పత్రికల్లో వచ్చిన ఇటువంటి వార్తలను ఏరి పరిశీలించి, ముక్కూముఖం తెలియని మనిషి పంచిన మిఠాయి వల్ల ఒక్క పిల్లవాడైనా చనిపోయినట్టు ఆధారం లేదని తేల్చాడు. 1974లో టెక్సస్‌లో ఒక బాలుడు నిజంగానే విషం కలిసిన మిఠాయి తిని చనిపోయాడు గానీ, ఆ విషం పెట్టినవాడు కన్నతండ్రే అని, బీమా డబ్బు కోసం చేశాడని కోర్టులో రుజువైంది. అయినా నా సున్నుండల విషయంలో ఆ తల్లినే నేను సమర్థిస్తాను, ఎందుకంటే అమ్మ వాటిలో జీడిపప్పు దండిగా వేసింది. ఆ తేనెటీగకు జీడిపప్పు పడుతుందో పడదో కనుక్కోవాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆ మరుసటి ఏడాది నుంచి మా గుమ్మంలో పండుగకని పెట్టే నారింజ రంగు గుమ్మడికాయ పక్కన నీలాకుపచ్చ రంగు వేసిన చిన్న గుమ్మడికాయ ఒకటి పెడుతున్నాము. ఆహార ఎలర్జీల మీద పనిచేసే ఫేర్ అనే సంస్థ 2014లో దేశమంతటా ప్రచారంలోకి తెచ్చిన ఆనవాలు అది. ఆ రంగు కాయ కనిపించిన ఇంట్లో తినేవి కాకుండా పెన్సిళ్లు, స్టిక్కర్లు, చీకట్లో వెలిగే గాజుల వంటివి కూడా దొరుకుతాయని అర్థం. చాక్లెట్లున్న గిన్నె ఒకటి, ఈ వస్తువులున్న గిన్నె ఒకటి విడిగా ఉంచితే చాలు. ఎలర్జీలు లేని పిల్లలు కూడా చాలామంది ఆ వెలిగే గాజుల కోసమే ఎగబడతారని అనుభవం మీద తెలుసుకున్నాము.

ఈ పండుగ మా ఇంటి పండుగగా మారింది మాత్రం 2018లో, మా అత్తయ్యగారు అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఆరు నెలల కోసం మా దగ్గరికి వచ్చినప్పుడు. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు, అబ్బాయికి మూడేళ్లు. అంతకు ముందు మేము దుకాణంలో రెండు వేషాలు కొని, నాలుగు ఇళ్లు తిప్పి, ఫోటోలు తీసి, అయిందనిపించేవాళ్లం. పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అడుక్కుంటారని నేను కాస్త మొహమాటంగానే చెబితే, అత్తయ్యగారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మా చిన్నప్పుడు దసరాకు పంతులుగారు మమ్మల్ని వెంటబెట్టుకుని ఊరంతా తిప్పేవారమ్మాయ్. చేతుల్లో రంగుకాగితాలు అంటించిన విల్లమ్ములు. ఇంటి ముందు పాట పాడితే పంతులుగారికి డబ్బులు, మాకు పప్పుబెల్లాలు. ఇది అదే కదా!" అన్నారు. అదే. పైగా మా అత్తయ్యగారి లెక్కలో ఇక్కడి పిల్లలకు పని తక్కువ, రాబడి ఎక్కువ: పద్యం రాకపోయినా, పాట పాడకపోయినా, ట్రిక్-ఆర్-ట్రీట్ (మిఠాయి పెడతారా, అల్లరి చేయమంటారా) అనే మూడు ముక్కలు అంటే చాలు సంచి నిండుతుంది.

గుమ్మడికాయ దగ్గర మాత్రం ఆమె ఒప్పుకోలేదు. అక్టోబరులో ఇక్కడి రైతులు తమ పొలాలను కుటుంబాల కోసం తెరుస్తారు. ట్రాక్టరు వెనక గడ్డిమోపుల మీద కూర్చోబెట్టి తోట దాకా తీసుకెళతారు, మొక్కజొన్న చేనులో దారి తప్పించే ఆట ఆడిస్తారు, నచ్చిన కాయను మనమే తీగ నుంచి తెంపుకోవచ్చు. ఆ తోటలో అత్తయ్యగారు పిల్లలకంటే ఉత్సాహంగా తిరిగి, తొడిమ గట్టిగా ఉన్నదీ, గోరు దిగనిదీ, అడుగున మెత్తబడనిదీ చూసి రెండు కాయలు ఏరారు. ఇంటికి వచ్చాక, వాటి పొట్ట కోసి దీపం పెట్టి గుమ్మంలో ఉంచుతామనీ, వారం తిరగకుండా పారేస్తామనీ చెప్పేసరికి ఆమె ముఖం మారిపోయింది. ఒక కాయను పులుసుకు ఇచ్చేస్తేనే రెండోదాన్ని ముట్టనిస్తానన్నారు. సరేనని ఒప్పందం కుదిరింది. అయితే ఆడవాళ్లు గుమ్మడికాయను ముందుగా పగలగొట్టకూడదు గనుక తొలి కోత మావారే పెట్టాలన్నది మరో షరతు. ఆ షరతు ఇప్పటికీ అమలులో ఉంది. ఏటా అక్టోబరు చివరి వారంలో మావారు ఆఫీసు ఫోను చెవికి పెట్టుకునే వచ్చి, కాయకు ఒక కత్తిగాటు పెట్టి, బాధ్యత తీరినట్టు వెళ్లిపోతారు.

ఆ సాయంత్రం చేసిన దప్పళం మాత్రం ఎవరూ మెచ్చలేదు. ముక్క నీళ్లోడుతూ, పీచు పీచుగా, తీపి అన్నది లేకుండా ఉంది. తప్పు వంటది కాదు. బొమ్మ చెక్కడానికి అమ్మే పెద్ద కాయల్లో బాగా పేరున్న హౌడెన్ అనే రకాన్ని మసాచుసెట్స్‌కు చెందిన జాన్ హౌడెన్ అనే రైతు 1960ల్లో తయారుచేశాడు. ఆయన చూసుకున్నది నిండైన రంగు, దిట్టమైన తొడిమ, నిటారుగా నిలబడే ఆకారం. వాటిలో రుచిని వెతకడం మన పొరపాటు. పులుసుకైనా హల్వాకైనా "పై పంప్కిన్" (ఇక్కడివాళ్లు పై అనే తీపి వంటకానికి వాడే గుమ్మడి) అని చిన్నవి వేరే అమ్ముతారు, అవి కొనుక్కోవాలి. చెక్కుడు కాయలో తినదగినవి గింజలే. వాటిని పీచు నుంచి విడదీసి, కడిగి, గుడ్డ మీద బాగా ఆరబెట్టి, కాస్త నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్‌లో 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వేయిస్తే, పిల్లలు చాక్లెట్ల సంచి వదిలి వాటి మీద పడతారు. తడి ఆరకుండా ఓవెన్‌లో పెడితే వేగవు, ఉడుకుతాయి. ఈ తప్పు నేను రెండేళ్లు వరుసగా చేశాను.

చెక్కడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటిల్లిపాదీ ఒకే బల్ల చుట్టూ రెండు గంటలు కూర్చునే అవకాశం ఈ పండుగలో అక్కడే ఉంది. పై మూతను నిలువుగా కాకుండా కత్తిని లోపలికి వాల్చి ఏటవాలుగా కోయాలి. లేకపోతే మూత తిరిగి పెట్టగానే లోపల పడిపోతుంది. లోపలి పీచును చిన్నపిల్లలు చేతులతో తీయాలి. మూడేళ్ల మా అబ్బాయికి ఆ జిగురు పట్టుకోవడం కంటే గొప్ప వినోదం ఆ నెలలో దొరకలేదు. ముఖం గీసే వైపు గోడను లోపలి నుంచి గీకి అంగుళం మందానికి తెస్తే కోత సులువవుతుంది, వెలుగు బాగా బయటికి వస్తుంది. వంటింటి కత్తి వద్దు. చెక్కడానికని అమ్మే, రంపపు పళ్లున్న సన్నని చిన్న కత్తితో పెద్దపిల్లలు పెద్దల పక్కన కూర్చుని కోయవచ్చు. కత్తి పట్టలేని వయసు పిల్లలకు విడిగా ఒక చిన్న కాయ, రంగులు ఇస్తే అలక ఉండదు. కోసిన కాయ నాలుగైదు రోజులకు మించి నిలవదు, పైగా ఉడుతలు కొరుకుతాయి. అందుచేత 31కి రెండు రోజుల ముందు కోయడం మంచిది. ఒక ఏడాది ఉత్సాహం ఆపుకోలేక పదిహేను రోజుల ముందే కోశాము. పండుగ నాటికి మా గుమ్మంలో ఉన్నది పళ్లూడిన ముసలివాడి ముఖం. చాలా భయంకరంగా ఉందని వీధిలో పిల్లలు మెచ్చుకున్నారు.

ఆ రాత్రి దీపం వెలిగించిన కాయను గుమ్మంలో పెట్టి లైట్లన్నీ ఆర్పినప్పుడు, అత్తయ్యగారు కాసేపు దాన్ని చూసి, "కొరివిదెయ్యంలా ఉంది" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను గానీ తరవాత చదివితే ఆ మాట అక్షరాలా నిజమని తేలింది. జాక్-ఓ-లాంటర్న్ అన్న పేరు ఇలా ముఖం చెక్కి దీపం పెట్టిన గుమ్మడికాయకు అంటుకోకముందు, బ్రిటిషు దీవుల్లో బురదనేలల మీద రాత్రిపూట కదలాడుతూ కనిపించే వెలుగును అలా పిలిచేవారు. మన పల్లెల్లో శ్మశానాల దగ్గరా చెరువు గట్ల మీదా కనిపించి, వెంట వెళ్లినవాణ్ణి దారి తప్పించే కొరివిదెయ్యం అదే కదా. ఐర్లండు వాళ్ల కథలో జాక్ అనే పిసినారి సైతానునే మోసం చేస్తాడు. చచ్చాక స్వర్గం రానివ్వదు, నరకమూ రానివ్వదు. సైతాను విసిరిన ఒక నిప్పుకణికను టర్నిప్ దుంప తొలిచి అందులో పెట్టుకుని ఇప్పటికీ తిరుగుతూ ఉంటాడు. ఐర్లండు, స్కాట్లండుల్లో పూర్వం ముఖాలు చెక్కింది టర్నిప్‌ల మీదే. 1840ల నాటి బంగాళాదుంపల కరువు తరవాత లక్షలాది ఐరిష్ ప్రజలు అమెరికాకు వలస వచ్చినప్పుడు ఈ ఆచారాలూ వెంట వచ్చి, దుంప కంటే పెద్దదీ తొలచడానికి తేలికైనదీ అయిన ఇక్కడి గుమ్మడికాయలోకి ఆ దీపం మారింది. వలస వచ్చినవాళ్లు ఉన్న ఊరి కాయతో పండుగ గడుపుకోవడం మాకు తెలియని విద్య కాదు.

అప్పటి నుంచి అక్టోబరు 30 రాత్రి మా ఇంట్లో ఒక ఆచారం మొదలైంది. హాల్లో లైట్లు తీసేసి, కాయలోని దీపం ఒక్కటే ఉంచి, అత్తయ్యగారు ఇక్కడుంటే స్వయంగా, లేకపోతే వీడియో కాల్‌లో, తమ ఊరి దెయ్యం కథ ఒకటి చెబుతారు. కొబ్బరితోటలో రాత్రిపూట కాపలా కాసిన వాళ్ల పెదనాన్నగారికి ఎదురైన వెలుగు కథ ఇప్పటికి నాలుగుసార్లు విన్నాము. చెప్పిన ప్రతిసారీ ఆ వెలుగు కొబ్బరిచెట్టుకు కాస్త దగ్గరగా జరుగుతోంది. భయం మోతాదును మాత్రం ఇంట్లో అందరికంటే చిన్నవాడిని చూసి నిర్ణయించాలని నా అభిప్రాయం. ఎవరైనా ముందు నుంచి వెళితే బొమ్మ కేకలు పెట్టే ముంగిళ్లు మా పక్క వీధిలో ఉన్నాయి; మూడేళ్ల వయసులో మా అబ్బాయి అటువంటి ఒక ఇంటి ముందు ఏడ్చి, ఆ తరవాత రెండేళ్లు ఆ వీధిలోకి రాలేదు. నాయనమ్మ ఒళ్లో కూర్చుని వినే దెయ్యం వేరు.

వేషాల విషయంలో నాకు మొండిపట్టు ఉంది: ఇంట్లో చేసిన వేషమే వేషం. దుకాణంలో కొన్న సూపర్‌మ్యాన్‌లు ఒకే వీధిలో ఏడుగురు ఎదురవుతారు. మా అబ్బాయి ఆరేళ్లప్పుడు హైదరాబాదు ఆటో కావాలన్నాడు. పెద్ద అట్టపెట్టె అడుగు కోసి, నలుపూ పసుపూ రంగులు వేసి, భుజాలకు తాళ్లతో తగిలించి, ముందు రెండు చిన్న టార్చిలైట్లు పెట్టి, వెనక తెలుగులో "హార్న్ ప్లీజ్" అని రాశాము. అది ఏ బండో ఇక్కడి పిల్లలకు అర్థం కాలేదు గానీ, ఒక ఇంట్లో తలుపు తీసిన తెలుగాయన మాత్రం వాణ్ణి చూసి, "మియాపూర్ వస్తావా? మీటరు మీదేనా?" అని అడిగి రెండు గుప్పెళ్లు చాక్లెట్లు పోశాడు. వేషం చేసేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. సాయంత్రానికి చలి ముదురుతుంది గనుక లోపల స్వెట్టరు పట్టేంత వదులుండాలి. అంచు కాలికి తగలకూడదు. ముఖానికి మాస్కు బదులు రంగు వేస్తే చుట్టుపక్కల కనిపిస్తుంది. పెద్దలూ ఏదో ఒకటి వేసుకోవాలి. ఆటో పక్కన ఖాకీ చొక్కాతో డ్రైవరుగా నడిచిన మావారిని ఆ ఏడాది పిల్లలు ఎంత గర్వంగా చూశారో నేను మరచిపోలేను.

తిరగడానికి ఒక లెక్క ఉంది. ఇంటి ముందు దీపం వెలుగుతుంటే రావచ్చని, ఆర్పి ఉంటే వద్దని అర్థం. మా వైపు ఆ రోజు ఆరు గంటలకు కాస్త ముందే సూర్యాస్తమయం అవుతుంది. చిన్నపిల్లలను అయిదున్నరకల్లా బయలుదేరదీసి ఏడుకు ఇల్లు చేర్చడం మేలు. పంచిన మిఠాయి గురించి పడే భయంలో పదోవంతు కార్ల గురించి పడినా బాగుండునని నాకనిపిస్తుంది. 1975 నుంచి 2016 దాకా ఉన్న అమెరికా ప్రమాదాల లెక్కలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, హాలోవీన్ సాయంత్రం కాలినడకన వెళ్లేవారు ప్రమాదాల్లో చనిపోయే అవకాశం వారం ముందూ వారం తరవాతా అదే వేళకంటే 43 శాతం ఎక్కువని తేలింది. అందుకే వేషం ఏదైనా వెనకవైపు వెలుగుకు మెరిసే టేపు అంటిస్తాము, రోడ్డును మూల దగ్గరే దాటతాము, ఒక పక్క ఇళ్లన్నీ అయ్యాకే రెండో పక్కకు వెళతాము. ఎదురింటికి, ఇటు పక్కింటికి, మళ్లీ ఎదురింటికి పరుగెత్తడమే అసలు ప్రమాదం.

ఇల్లు చేరాక సంచులు నేల మీద బోర్లించి లెక్క పెట్టుకోవడం ఇంకో పండుగ. మా ఇంట్లో దానికి సంత అని పేరు. శాకాహారులం గనుక జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉన్నవి ముందు విడదీస్తాము; గమ్మీ బేర్లు, మార్ష్‌మెలోలు, స్టార్‌బర్స్ట్ వంటివి ఆ కుప్పలోకి వెళతాయి. అట్ట మీది సన్నని అక్షరాలు చదివే పని మా అమ్మాయిది. ఆమెకు ఇంగ్లీషు పదార్థాల పేర్లు బడిలో కంటే ఈ సంతలోనే ఎక్కువ వచ్చాయి. తరవాత బేరాలు: ఒక పెద్ద కిట్‌క్యాట్‌కు మూడు చిన్న లాలీపాప్‌లు, ఒక స్నికర్స్‌కు రెండు ట్విక్స్. తల్లిదండ్రుల పన్నుగా పదింట ఒకటి మాకు. వద్దనుకున్నవి మావారి ఆఫీసు బల్ల మీదికి చేరి సోమవారం మధ్యాహ్నానికి మాయమవుతాయి. మిఠాయితో పాటు చిల్లర కూడా అడిగే సంప్రదాయం ఒకటి ఉంది. 1950లో ఫిలడెల్ఫియాలో మొదలై, ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ పేరుతో సాగుతున్నది. మా అమ్మాయి రెండేళ్లు ఆ చిల్లర పెట్టె పట్టుకుని తిరిగింది.

2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి. అత్తయ్యగారు మళ్లీ ఇక్కడే ఉన్నారు. లక్ష్మీపూజ చేయవలసిన ప్రదోషవేళ, వీధిలో పిల్లలు తిరిగే వేళ, రెండూ ఒకటే. పూజగదిలో మావారు, నేను, గుమ్మంలో అత్తయ్యగారు, అరగంటకొకసారి మార్పు అని పనులు పంచుకున్నాము. మెట్లకు రెండువైపులా ప్రమిదలు, నడుమ ముగ్గు, పైమెట్టు మీద పళ్లికిలిస్తున్న గుమ్మడికాయ. వేషాల అంచులకు నిప్పు తగలకూడదని మెట్ల మీద ప్రమిదల్లో నూనె వత్తులకు బదులు బ్యాటరీ దీపాలు పెట్టాము, నూనె దీపాలు కిటికీ లోపల వెలిగించాము. పట్టుచీర కట్టుకుని కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తయ్యగారిని చూసి ఒక పిల్ల, మీరేం వేషం వేశారని అడిగింది. మా అబ్బాయి అనువదించి చెప్పాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "పంతులుగారి వేషం అని చెప్పరా" అని, ఆ పిల్ల చేత తెలుగులో "పప్పుబెల్లాలు" అని రెండుసార్లు పలికించి, సంచిలో చాక్లెట్టు వేశారు. ఎనిమిది గంటలకు నేను గిన్నె లోపలికి తేబోతే, ఇంకా లైటు ఆర్పవద్దన్నారు. వీధి చివర ఇంకో గుంపు వస్తోందట.